ముదీర్ నాకు వేసిన వేరు పంక్తి

ఆ రోజుల్లో ఆకలి కన్నా మొహమాటం పెద్ద జబ్బని నాకు తెలియదు. కరోనా తగ్గి, జనం మళ్ళీ ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం మొదలుపెట్టిన రంజాన్ అది. నేను దుబాయ్ జెబెల్ అలీలో ఒక గోదాములో స్టోరు గుమాస్తాని. అంతకు ముందు ఏడే మా నాయిన ఆ మాయదారి జబ్బుతో పోయాడు. వెళితే తిరిగి రానివ్వరన్నారు. పాడె లేవడం ఫోన్లో చూశాను. ఆ తర్వాత కరామాలో, మంచం ఒక్కటే అద్దెకిచ్చే మా బెడ్‌స్పేస్‌లో, మంచం మీద గోడకి తిరిగి కూర్చుని తినేవాణ్ణి. (మిగతావాళ్ళవి వేరే షిఫ్టులు. గోడ ఒక్కటే ఎప్పుడూ ఇంటిపట్టున ఉండేది.) ఒంటరిగా తినే అన్నం గొంతు దిగదని అప్పుడే తెలిసింది.

మా ముదీర్, అంటే గోదాముకి పెద్ద, సూడాన్ ఆయన. మనవాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసి నేర్చుకున్న హిందీ, తెల్లగడ్డం, చేతిలో ఎప్పుడూ ఒక లావుపాటి అరబ్బీ పుస్తకం. వెయ్యేళ్ళ కిందట ఒక ముస్లిం పండితుడు, దండెత్తి వచ్చిన సుల్తాను వెంట మన దేశం చేరి, సంస్కృతం నేర్చుకుని, పండితుల దగ్గర కూర్చుని, హిందువులు ఏం నమ్ముతారో, ఎలా తింటారో అంతా అందులో రాశాడట. "సుల్తాను బంగారం మోసుకుపోయాడు, ఈయన శాస్త్రాలు మోసుకొచ్చాడు" అని ముదీర్ తన సొంత తాత గురించి చెప్పినట్టు మురిసిపోయేవాడు.

మొదటి రోజు సాయంత్రం అజాన్ కాగానే గోదాము నేల మీద పెద్ద పళ్ళెం దించారు. నిండా మండీ, అంటే మసాలా అన్నం మీద మెత్తగా ఉడికిన మేక మాంసం. చుట్టూ ఏడెనిమిది మంది. "యల్లా, రా" అన్నాడు ముదీర్ నాతో. మన పద్ధతి ప్రకారం "వద్దు సార్, పర్వాలేదు" అన్నాను. మనవాళ్ళైతే ఇంకో రెండుసార్లు అడిగి, రెక్క పట్టుకుని కూర్చోబెడతారు. ఆయన మళ్ళీ అడగలేదు. నా ముఖంలోకి చూసి, ఏదో గొప్ప సంగతి అర్థమైనట్టు తల ఊపాడు. మా ఫోర్క్‌లిఫ్ట్ నడిపే బావ (మా వాడవాడే, నాకు వరసకి బావ) మాత్రం పిలవకముందే పళ్ళెం ముందు చతికిలబడ్డాడు.

మర్నాడు ఒక మూల కొత్త అట్టముక్క పరిచి, నాకొక్కడికే అరటిపళ్ళు, ఖర్జూరాలు, పెరుగు పెట్టించాడు. స్వయంగా వచ్చి, "నాకు తెలుసు. మీవాళ్ళు పరాయివాళ్ళతో కలిసి తినరు. పేడతో అలికిన నేల మీద ఎవరికి వాళ్ళే కూర్చుని తింటారు. ఇక్కడ పేడ దొరకలేదు, మాఫ్ కరో" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక పూట నాకు బాగానే అనిపించింది. మా వంశంలో ఎవరి మడి గురించీ ఎవరూ అంత బెంగ పెట్టుకోలేదు. కానీ అరటిపండు ఎన్నాళ్ళని తింటాం? మాంసం, నవ్వులు అటు, నేనూ పెరుగూ ఇటు. కరామా గోడే నా వెంట గోదాముకి వచ్చి కూర్చున్నట్టుండేది.

"అరేయ్, దుబాయ్‌కొచ్చి బాపనోనివైతివి గదరా" అన్నాడు బావ, ఎముక చీకుతూ.

"నువ్వన్న జెప్పు బావా, నేను అన్నీ తింటనని."

"నేనెందుకు జెప్త? నీ ముక్క గూడ నాకే వస్తుంది."

అలా ఉండగా ఒకరోజు ముదీర్ మిలమిలలాడే స్టీలు పళ్ళెం ఒకటి కొనుక్కొచ్చాడు. "ఇది నీ ఒక్కడిదే. ఎవరూ ముట్టుకోరు, అందరికీ చెప్పాను" అని, దాన్ని తీసుకెళ్ళి ర్యాకు చివర, మిగతా సామానుకి దూరంగా పెట్టాడు. దాన్ని అక్కడ చూడగానే నాకు మా ఊరి చాయ్ హోటల్ చూరు కనబడింది. ఆ చూరులో మా తాతకి వేరే గ్లాసు ఉండేది. తాత తర్వాత మా నాయినకి. తాగి, కడిగి, తమ చేతుల్తోనే మళ్ళీ చూరులో దోపాలి. నాయిన గుర్తొచ్చి, అందరి ముందూ భోరుమన్నాను.

ముదీర్ హడలిపోయాడు. "క్యా హువా బేటా? పళ్ళెం మంచిది కాదా?"

"సార్, పరాయివాళ్ళతో తిననిది మేం కాదు. మమ్మల్నే ఎవరూ పంక్తిలో కూర్చోనివ్వలేదు. మాది ఊరి బయటి వాడ. మాకు ఊళ్ళో వేరే గ్లాసు ఉండేది, ఇక్కడ మీరు వేరే పళ్ళెం పెట్టారు. నాకు మండీ కావాలి సార్." (అంత దుఃఖంలోనూ మండీ మాట మరిచిపోలేదు, చూడండి.)

ఆయన పుస్తకం తెరిచి, పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. "మీవాళ్ళూ ఉన్నారు ఇందులో. ఊరి బయట ఉంటారు, ఊరి మురికి పనులన్నీ చేస్తారు, ఏ కులంలోనూ లెక్కలోకి రారు అని రాశాడు. నేను చదివాను. చదివి పేజీ తిప్పేశాను" అన్నాడు. ఆ గొంతులో సిగ్గు నాకు బాగా గుర్తు. పుస్తకం మూసి పక్కన పెట్టి, నా రెక్క పట్టుకుని లేపి, తన కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాళ్ళలో పెద్దవాడు మంచి ముక్క విరిచి అతిథి ముందుకు తోయడం మర్యాద. ఆ రంజాన్ ముగిసేదాకా ఆ ముక్క నా వైపే వచ్చింది.

"ఖలాస్, నా నోట్లె మన్ను గొట్టినవ్" అన్నాడు బావ.

మరుసటి ఏడు ముదీర్ పండక్కి సూడాన్ వెళ్ళాడు. అక్కడ యుద్ధం మొదలైంది. ఆయన ఫోను ఆగిపోయింది. వాట్సాప్‌లో నేను పంపే ఈద్ ముబారక్‌లకి ఇప్పటికీ ఒక్క టిక్కే పడుతుంది. ఉన్నాడో లేడో చెప్పేవాళ్ళు లేరు.

ఇప్పుడు పళ్ళెం దించగానే అందరికన్నా ముందు కూర్చునేది నేనే, ఎవరూ పిలవక్కర్లేదు. పెరుగు గిన్నెతో మూల కూర్చున్న ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ వస్తాయి. మంచి ముక్క ఒకటి విరిచి, ఆయన కూర్చునే వైపుకి తోస్తాను. కళ్ళు తుడుచుకుని చూసేసరికి అది బావ నోట్లో ఉంటుంది.

"సారు వాపసొచ్చిననాడు ఇంకోటి పెడుదువు తియ్యి" అంటాడు.

మర్నాడు మళ్ళీ తోస్తాను.