కత్తెర టీచర్ గీసిన వీపు

ఆవిడకో పేరుందన్న సంగతి ఓటరు కార్డుకి తెలుసు, కట్టుకున్న మొగుడికి తెలుసు. మిగతా లోకానికి ఆవిడ కత్తెర టీచర్. చెప్పుల దుకాణం పైన పొడుగాటి గది, గోడవారగా కుట్టు మిషన్లు, మధ్యలో నిలువెత్తు మనిషి పడుకోగలిగినంత కటింగ్ బల్ల, కిటికీ దగ్గర తల లేని బొమ్మ. ఆ గదిలోనే ముప్ఫై ఏళ్లుగా ఆడపిల్లలకు కుట్టు నేర్పుతోంది. నోరు కూడా కత్తెరలాంటిదే. పిల్లలు చంక దగ్గర తప్పు కోస్తే, "బట్ట ఏడుస్తోందే, వినపడట్లేదా?" అంటుంది.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఒక పుస్తకం రాసింది. కటింగ్ పుస్తకం. గౌన్లు, చొక్కాలు, లంగాలు, కాలర్లు, అన్నీ కొలతలతో సహా. బొమ్మలు తనే గీసింది. బస్సు డిపోలో టైమ్ కీపర్ అయిన భర్త రాత్రుళ్లు కూర్చుని అంతా శుభ్రంగా తిరగరాసి పెట్టాడు. పాఠ్యపుస్తకాలు వేసే కంపెనీ ఒకటి దాన్ని తీసుకుంది. ఒకేసారి ఇంత అని ఇచ్చి, మాటలు, బొమ్మలు, ముద్రణలు, మారుముద్రణలు, సమస్త హక్కులూ రాయించుకుంది. మోసం చేశారని నేను చెప్పను. కాగితం చేతికిచ్చి చదువుకోమనే అన్నారు. కొత్త మిషను కొనుక్కోవాలన్న ఆత్రంలో ఈవిడే చదవలేదు. అచ్చులో తన పేరు చూసుకుని పొంగిపోయింది, ఆ మాటకొస్తే ఎవరు పొంగిపోరు?

పుస్తకం చివర్లో ఒక అధ్యాయం ఉంది. పేరు "శరీర దోషములు, కప్పిపుచ్చు పద్ధతులు". అందులో ఒక బొమ్మ. షిమ్మీ వేసుకుని అటు తిరిగి నిలబడ్డ చిన్నపిల్ల వీపు. కుడి భుజం కిందికి జారి ఉంటుంది, వెన్నెముక నడుమ్మీద ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. బొమ్మ కింద, "ఇట్టి దోషము గల బాలికలకు పల్లపు భుజమున దూదిమెత్త కుట్టి లోపమును కప్పివేయవలెను" అని రాసి ఉంటుంది. ఆ వీపు ఆవిడ కూతురిది. పిల్లకి అప్పుడు ఎనిమిదేళ్లు. "కాసేపు కదలకుండా నిలబడవే" అని వెలుతురులో నిలబెట్టి, ఉన్నదున్నట్టు గీసింది. అంత బాగా ఆవిడ మళ్లీ ఏ బొమ్మా గీయలేదు.

కూతురు దూదిమెత్తలతోనే పెరిగింది. చదువు అయ్యాక మందుల షాపులో ఉద్యోగంలో చేరింది. ఒకరోజు షాపులో పై అర నుంచి పెట్టె అందుకోబోతే మెత్త జారి ముందుకొచ్చి, రొమ్ము మీద కంతిలా నిలబడిపోయింది. కౌంటరు అవతలున్నవాళ్లు నవ్వారు. ఇంటికొచ్చి బ్లేడు తీసుకుని, ఉన్న బట్టలన్నిట్లోంచీ మెత్తలు కోసి గదంతా దూది చేసింది. తల్లి గుమ్మంలో కొయ్యబారి నిలబడింది.

"బట్టకి నన్ను సరిచెయ్యకమ్మా. నాకు బట్టని సరిచెయ్యి."

ఆ రాత్రి నుంచి కత్తెర టీచర్ కటింగ్ మారిపోయింది. రెండు భుజాలకీ ఒకే కాగితం మడత పెట్టి కోయడం మానేసింది. ఎడమకి ఎడమ కొలత, కుడికి కుడి కొలత. గూని ఉన్నవాళ్లు, ఒక కాలు పొట్టివాళ్లు, చెయ్యి పోయినవాళ్లు వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. దాచడం కాదు, అమరడం ముఖ్యం అని పిల్లలకి నేర్పింది. కానీ అచ్చులో ఉన్న పుస్తకం మాత్రం మారలేదు. ప్రతి కొత్త పిల్లా దాన్నే చంకలో పెట్టుకుని వస్తుంది. టీచర్ నోటితో చెప్పేదాన్ని పుస్తకంలో టీచరే కాదంటుంటే పిల్లలు దేన్ని నమ్ముతారు? అచ్చునే నమ్ముతారు.

మొన్నామధ్య ఒక తల్లి చిన్నపిల్లని తీసుకుని మెట్లెక్కి వచ్చింది. చేతిలో పుస్తకం, సరిగ్గా ఆ పేజీ తెరిచి ఉంది. "చూడండి టీచర్ గారూ, మా పాపది అచ్చం ఈ దోషమే," అని బొమ్మ మీద వేలు పెట్టింది. ఆ పాప బొమ్మ వంక చూసి, గోడకి వీపు ఆనించి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. వెళ్లేదాకా ఆ వీపు గోడని వదల్లేదు. దాంతో ఆవిడ నిర్ణయించుకుంది. చిన్న పుస్తకం ఒకటి రాయాలి. ఆ పాత బొమ్మ అందులో వేసి, ఇది దోషం కాదు, ఈ పద్ధతి తప్పు, ఇదిగో ఒప్పు అని చెప్పాలి. అంతే ఆవిడ కోరిక, అంతకన్నా ఏమీ లేదు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ వెళ్లి అడిగింది. కంపెనీ మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి మంచినీళ్లు తెప్పించాడు.

"పుస్తకం ఇప్పటికీ బాగా పోతోంది టీచర్ గారూ. బాగా పోయేదాన్ని తప్పని మేమే ఎలా వేసుకుంటాం? కొత్తది రాయండి, మేమే వేస్తాం. పాతదాన్ని ఏమీ అనకుండా రాయండి."

"పోనీ, ఆ బొమ్మ ఒక్కటి నన్ను వాడుకోనివ్వండి."

"ఆ బొమ్మ మాది కదండీ," అన్నాడు మేనేజరు. మెత్తగానే అన్నాడు. నా కూతురి వీపయ్యా అది, అనబోయింది ఆవిడ. మంచినీళ్లు తాగి వచ్చేసింది.

ఇంట్లో భర్త పేపరు మడిచి నవ్వాడు. "కత్తెర టీచరు అడకత్తెరలో పడిందన్నమాట."

"మీకు నవ్వులాటగానే ఉంటుంది. తిరగరాసింది మీరేగా, ఆ దోషమన్న దగ్గర చెయ్యి ఆగలేదా?"

ఆయన మళ్లీ పేపరు విప్పుకున్నాడు.

కింద వీధిలో ఒక లాయరమ్మ ఉంది. ఒకప్పుడు టీచర్ దగ్గరే కుట్టు నేర్చుకోబోయి, దిండుగలీబు కూడా తిన్నగా కుట్టలేక లా చదువుకి పారిపోయిన పిల్ల. చట్టం మాత్రం గట్టిగా వచ్చు. టీచర్ వెళ్లి చెబితే అంతా విని, "మీరు అడక్కుండా ఉండాల్సింది," అంది.

"అడక్కుండా తీసుకుంటే దొంగతనం కాదుటే?"

"అన్నిసార్లూ కాదు టీచర్ గారూ. కాపీరైట్ అంటే ఊరందరికీ మూసేసిన తలుపు అనుకుంటారు జనం. ఆ చట్టమే కొంత చోటు వదిలిపెట్టింది. మీ కటింగ్ పద్ధతి ఉందే, అది ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. దాన్ని చెప్పిన మాటలు, గీసిన గీతలు, అవీ వాళ్లవి. అవైనా శాశ్వతంగా కాదు, గడువు దాటితే లోకానివి. ఈలోగా కూడా విమర్శించడానికి, పాఠం చెప్పడానికి, వెక్కిరించడానికి కొంత వాడుకోవచ్చు. దాన్నే ఫెయిర్ యూజ్ అంటారు, మన చట్టం మాటల్లో ఫెయిర్ డీలింగ్. అది వాళ్లు పెట్టే భిక్ష కాదు, వాళ్లకి హక్కిచ్చిన చట్టమే మీకూ ఇచ్చింది. లేకపోతే చూడండి, నన్ను తిట్టుకో అని అనుమతి ఎవడిస్తాడు?"

టీచర్ ప్రాణం లేచొచ్చింది. బల్ల మీదికి వంగి అసలు ప్రశ్న అడిగింది.

"కొంత అంటే ఎంతే? ఎన్ని వాక్యాలు? ఎన్ని బొమ్మలు?"

"కొలత లేదు."

"కొలత లేకుండా ఎలా కొయ్యమంటావు?"

లాయరమ్మ నిట్టూర్చింది. "ఎందుకు తీసుకున్నారు, ఎలాంటిది తీసుకున్నారు, ఎంత తీసుకున్నారు, వాళ్ల అమ్మకానికి గండి పడిందా, ఇవన్నీ కలిపి చూస్తారు. మీ విమర్శ చదివి జనం వాళ్ల పుస్తకం కొనడం మానేస్తే అది గండి కింద లెక్క కాదు. దాని బదులు మీది కొనుక్కుంటే లెక్క. కానీ చూసేది జడ్జిగారు. అదీ వాళ్లు కేసు వేశాక."

"అంటే ముందు కోసేస్తే, తర్వాత కొలుస్తారా?"

"అంతే."

ముప్ఫై ఏళ్లుగా ఆవిడ ఆ గదిలో చెప్పే మొదటి పాఠం దీనికి సరిగ్గా తలకిందులు. రెండుసార్లు కొలువు, ఒక్కసారి కొయ్యి. ఆవిడకి నిజంగా భయం వేసింది. ఓడిపోతామని కాదు. తెలియకుండా కత్తెర వేయడం ఆవిడ ఒంట్లోనే లేదు.

"పోనీ, కొత్తగా గీసుకోండి," అంది లాయరమ్మ. "వీపు ఎవరి సొత్తూ కాదుగా. పాతది చూడకుండా గీసి, మీ మాటల్లో రాసుకుంటే గొడవే ఉండదు."

ఆ మాట తేలిగ్గా అనిపించింది. ఆదివారం పిల్లలెవరూ లేనప్పుడు బల్ల దగ్గర కూర్చుంది. పాత పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసింది. తెల్లకాగితం మీద పెన్సిలు పెట్టింది. మెడ, భుజం, జారిన భుజం, ఒరిగిన వెన్ను. తీరా పాత పుస్తకం తీసి పక్కన పెట్టి చూస్తే అదే బొమ్మ. షిమ్మీ పట్టీ మడతతో సహా అదే. ఇంకో కాగితం తీసింది. ఈసారి కావాలని ఎడమ నుంచి మొదలుపెట్టింది, మళ్లీ అదే వచ్చింది. చేతికి ఆ వీపు ఒక్కలాగే వచ్చు. రాతా అంతే. చంక లోతు గురించి రాయబోతే మూడో మాటకల్లా పాత పుస్తకంలోని వాక్యమే వచ్చి కూర్చుంటోంది. పాతికేళ్లుగా పిల్లలకి అదే వాక్యంతో పాఠం చెప్పిన నోరు మరి, కొత్తది ఎక్కడి నుంచి తెస్తుంది?

కాగితాలు చూసి లాయరమ్మ తల పట్టుకుంది. "మీరు చూడకుండా గీశారంటే నేను నమ్ముతాను. కోర్టు నమ్మదు."

"అంటే లోకంలో ఎవరైనా ఈ పుస్తకం రాసుకోవచ్చు. నేను తప్ప."

లాయరమ్మ కాగితాలు మడిచి ఆవిడ చేతికిచ్చేసింది.

ఆ రోజుల్లో ఆవిడకి కోపం దేని మీద పడితే దాని మీద వచ్చేది. మిషను పెడల్ మీద, సుద్దముక్క మీద, చెప్పుల దుకాణంలో పొద్దస్తమానం మోగే సుత్తి మీద. గది నాలుగు గోడలూ దగ్గరికి జరిగినట్టుండేది. తన చెయ్యి తనది కాదు, తన మాట తనది కాదు. దారినపోయే ఏ విమర్శకుడికైనా ఉన్న చోటు, రాసినావిడకి లేదు. ఒక సాయంత్రం లాయరమ్మ ఆ గదికే వచ్చి ఇంకో ఉపాయం చెప్పింది, బొమ్మ మొత్తం కాకుండా సగం వేస్తే క్షేమం అని. "సగం వీపా?" అంది టీచర్. "వంక కనపడాలంటే రెండు పక్కలూ ఉండాలే. ఒక పక్కే చూస్తే ఎవరి వీపైనా తిన్నగానే ఉంటుంది." లాయరమ్మ ఆ వాదన బాగుందని కాగితం మీద రాసుకుంది. చెప్పదలచుకున్నదానికి మొత్తం బొమ్మ అవసరమైతే మొత్తం వేయడమూ న్యాయమే కావచ్చు. కానీ దాని చుట్టూ నిజమైన విమర్శ ఉండాలి, టీచర్ పాత పాఠం కాదు. కొత్త మాటలు కావాలి, పాత పుస్తకంలో నీడ కూడా లేనివి.

"ఎవరైనా వేరేవాళ్లు రాస్తే బాగుంటుంది," అంది.

"నేను రాస్తాను," అంది గుమ్మంలోంచి కూతురు. షాపు నుంచి అప్పుడే వచ్చింది, చెప్పులు కూడా విప్పలేదు. ఎడమకి ఎడమ కొలత, కుడికి కుడి కొలతతో తల్లి కోసిన చొక్కా వేసుకుని ఉంది. జారిన భుజం జారినట్టే కనపడుతోంది, చొక్కా మాత్రం ఎక్కడా ముడత పడలేదు.

తల్లి కంగారు పడింది. ఆ బొమ్మ పుస్తకంలో వేసిన సంగతి కూతురికి ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. "నీకెందుకే ఈ తద్దినం" అనబోయింది. కూతురు అప్పటికే పెన్ను తీసుకుని బల్ల చివర కూర్చుంది. లాయరమ్మ ఫోను చూసుకుంటూ, టీచర్ దారం ఉండ చుట్టుకుంటూ కూర్చున్నారు. కూతురు ఒక్క కొట్టివేత లేకుండా రాసి కాగితం తల్లి ముందుకి తోసింది.

"ఈ బొమ్మలో పిల్లని నేను. నాకు ఎనిమిదేళ్లు. కాసేపు కదలకుండా నిలబడమంటే నిలబడ్డాను, అమ్మ నా బొమ్మ గీస్తోందని సంతోషపడ్డాను. బడిలో మాకు కుట్టు పాఠానికి ఇదే పుస్తకం. ఈ పేజీ తెరిచిన రోజు క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. బొమ్మలో గీత ఎక్కడా తప్పలేదు. కింద రాసిన మాట తప్పు. గీసినావిడ నా వీపుని చాలాసార్లు కొలిచింది. పుస్తకంలో వెయ్యనా అని మాత్రం నన్ను అడగలేదు."

లాయరమ్మ భుజం మీదుగా చదివింది. ఆవిడ ముఖం వెలిగింది. "ఇంతకన్నా విమర్శ ఏం కావాలి టీచర్ గారూ? నోటీసు తప్పకుండా వస్తుంది, కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. కానీ దీంతో నేను నిలబడగలను."

టీచర్ ఆ మాటలు వినలేదు. కంపెనీ ఆఫీసు గుమ్మంలో, లాయరు గుమ్మంలో అనుమతి కోసం తిరిగి తిరిగి అరిగిపోయిన మనిషికి, ఇంట్లో మనిషిని అడగలేదన్న సంగతి ఇప్పటిదాకా తట్టనే లేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అప్పుడు నాకు తెలియదే అని ఒక్క వాక్యం కింద చేర్చాలనిపించింది. పెన్ను తీసుకుని, మళ్లీ పెట్టేసింది.

"వెయ్యమంటావా, వద్దా?" అంది. "వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను."

కూతురు వంగి చెప్పులు విప్పుకుంటూ చెప్పింది.

"నేను వద్దంటే వాళ్లు వెయ్యడం మానేస్తారా అమ్మా? వాళ్ల పుస్తకంలో నా వీపు ఒక్కటే ఉంది. మనదాంట్లో అయితే కింద నా మాట కూడా ఉంటుంది. వెయ్యి."