కట్టంగూర్ చేనులో యూరప్ రాజులు

తెలంగాణ వచ్చింది, ఇక ఉద్యోగాల నోటిఫికేషన్లు వరసగా పడతాయన్న ఆశతో నేను యూరప్ చరిత్రను బట్టీ పడుతున్న రోజులవి. నల్లగొండలో కిరాయి గది ఖాళీ చేసి, ఆ ఎండాకాలం బాపు వెంట గొర్రెల మందలోనే ఉండిపోయాను. మంద అంటే మా ఒక్క ఇంటిది కాదు. కేతేపల్లి వైపు మా వాళ్లందరి గొర్రెలూ కలిపి ఒకటే మంద, దానికి బాపు పెద్ద. పగలు మేపడం, పొద్దుగూకితే ఎవరో ఒక రైతు చేనులో పండబెట్టడం. చేనుకు ఎరువు పడుతుందని రైతులు గింజలిచ్చి మరీ పిలుచుకుంటారు. ఏ రోజు ఎవరి చేనులో అన్న మాట మంద పెద్దే ఇవ్వాలి. వేరేవాళ్లు ఇవ్వకూడదు.

ఆ పెద్దరికమే బాపు ప్రాణం. మంద చీలిపోతే ఆయన మనిషిగా మిగలడని నాకు లోపల భయంగా ఉండేది.

మధ్యాహ్నం తుమ్మచెట్ల నీడలో నేను పైకి చదువుతుంటే బాపూ, ఆయన తమ్ముడు మా కాకా వినేవాళ్లు. కోచింగ్ సెంటర్లో నిద్ర తెప్పించిన పాఠాలే అక్కడ నెత్తురు కక్కేవి. పెళ్లాల తలలు తీయించిన ఇంగ్లండ్ రాజు, లోకాలు లెక్కలేనన్ని ఉన్నాయన్నందుకు మతపెద్దలు రోమ్‌లో నిలువునా తగలబెట్టించిన పండితుడు. బాపుకి మాత్రం ఇటలీ ఆలోచనాపరుడు తెగ నచ్చాడు. జనంలో ప్రేమ, భయం రెండూ సంపాదించడం కుదరకపోతే రాజుకు భయమే నయమన్నవాడు.

“గాయిన గొర్లు గాసినోడే అయ్యుంటడు బిడ్డా,” అన్నాడు బాపు మురిసిపోతూ.

కాక నవ్వలేదు. “తల నరికిచ్చుకున్న రాజున్నడు గదా, గాయిన ముచ్చట జెప్పు,” అన్నాడు.

చెప్పాను. దేవుడే తనకు అధికారమిచ్చాడు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు అనుకున్న ఇంకో ఇంగ్లండ్ రాజు. సొంత పార్లమెంటుతోనే యుద్ధం చేశాడు, ఓడిపోయాడు, తన మహల్ బయటే గొడ్డలికి మెడ వంచాడు.

“జనం ఏం జేసిన్రు?”

“సూసుకుంట నిలబడ్డరు కాకా.”

“మంచిగైంది,” అన్నాడు కాక. బాపు కర్రతో నేలను ఒక్కటి కొట్టి లేచిపోయాడు.

తర్వాత కొన్నాళ్లకే కాక చెయ్యకూడని పని చేశాడు. కట్టంగూర్ దగ్గర ఒక రైతుకు మంద పండబెడతానని తానే మాటిచ్చాడు. కాక కొడుకును పాము కరిస్తే బండి మీద దవాఖానకు చేర్చింది ఆ రైతే. బాపు అదే పొద్దుకు ఇంకొకరికి మాటిచ్చి ఉన్నాడు. సాయంత్రం మంద రెండు చేన్ల మధ్య బాట మీద ఆగిపోయింది.

“నన్నడగకుంట మాటిచ్చుడేందిరా?”

“నా పోరని పానం నిలబెట్టిండన్నా. గీ ఒక్క పొద్దు ఇడిసిపెట్టు.”

బాపు కర్ర కాక మూతి మీద పడింది. పెదవి చీలి, పన్ను ఊడి దుమ్ములో పడింది. కింద పడ్డవాణ్ణి ఆపకుండా కొట్టాడు, అందరి ముందు తన కాళ్లు పట్టుకోమన్నాడు. కాక పట్టుకోలేదు. పక్కనే పడున్న, మేతకు కొమ్మలు కొట్టే గొడ్డలి అందుకుని లేచాడు. బాపు అడ్డం పెట్టిన ముంజేతి మీద అది దిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

గొడ్డలి మళ్లీ లేచింది, ఈసారి తల మీదికి. చుట్టూ మందలోని మగవాళ్లంతా ఉన్నారు. బాపు చేతి దెబ్బ తిననివాడు వాళ్లలో లేడు. ఒక్కడూ కదలలేదు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. నేనే ఎగబడి కాక చేతిని కరిచి పట్టుకున్నాను. నోట్లోకి నెత్తురొచ్చేదాకా వదల్లేదు. గొడ్డలి జారి ఒక గొర్రె నడుము మీద పడింది. అది అరుస్తూ కాళ్లు తన్నుకుంటుంటే కాక దాని పక్కనే కూలబడి పెద్దగా ఏడ్చాడు.

దవాఖానలో చెయ్యి తీసేయలేదు కానీ ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. బాపు పోలీసు కేసు వద్దన్నాడు. కులపెద్దలు కూర్చుని మందను విడగొట్టమని తేల్చారు. ఎవరి గొర్రెలకు వాళ్లు పెట్టుకునే చెవి కోతల గుర్తు చూసి కాక తన గొర్రెలను ఏరుకున్నాడు. మిగతావాళ్లలో సగం మంది ఆయన వెంటే నడిచారు. నేను భయపడ్డదే జరిగింది.

వాళ్లు కదిలాక బాపు మిగిలిన గొర్రెలను తోలుకుపోదామని, ఎప్పటిలాగే నాలుక మడిచి కూత పెట్టాడు. మావి వచ్చాయి. అటు పోతున్న కాక గొర్రెలు కూడా గిర్రున తిరిగి ఇటే పరిగెత్తాయి. కాక అడ్డం పడి వాటి మూతుల మీద కర్రతో బాదాడు. బాపు మళ్లీ కూశాడు. అవి మళ్లీ తిరిగాయి. కాక మళ్లీ కొట్టాడు. కడుపుతో ఉన్న గొర్రె ఒకటి ముక్కు వెంట నెత్తురు కారుతూ మోకాళ్ల మీద పడిపోయింది.

“ఇంకోపారి కూయి బాపూ, అన్నీ మన దిక్కే వస్తయి,” అన్నాను కసిగా.

కిందపడ్డ ఆ గొర్రె లేచి, దెబ్బలు తింటూనే బాపు వైపు రాబోయింది. బాపు బాగున్న చేత్తో తన నోరు గట్టిగా మూసుకున్నాడు. కాక గొర్రెలు కనుమరుగయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు.