ఎదురింటి తోడు

పోయిన వారం మా ఇంటికి యూనివర్సిటీలో చదువుకునే ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో పలకంత ఫోను, మెడలో గుర్తింపు కార్డు, ముఖం నిండా చెమట. ఆడవాళ్ళ మీద, ఆడపిల్లల మీద జరిగే హింసను ఆపడానికి వాడవాడలో ఏమేం ఏర్పాట్లు ఉన్నాయో రాసుకుంటోందట. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. కమిటీ ఉందా అంది, లేదన్నాను. హెల్ప్‌లైన్ నంబరు తెలుసా అంది, ఫ్రిజ్ మీద అంటించి ఉంది చూడమన్నాను. 'ఇతరములు' అనే గడి దగ్గర ఆగి, ఇంకేమన్నా ఉన్నాయా ఆంటీ అని అడిగింది. కాసేపు ఆలోచించి, పెరుగు తోడు అన్నాను. మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి నవ్వకుండా ఏదో రాసుకుంది. ఏం రాశావమ్మా అంటే చూపించింది: 'పోషకాహార పంపిణీ'. సరిదిద్దుదామని నోరు తెరిచాను గాని, ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియలేదు. ఆ అమ్మాయికి ఇంకా పదకొండు ఇళ్ళున్నాయట, లేచి వెళ్ళిపోయింది.

మాది డోర్నకల్. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. తాతల నాడు మగ్గం నేసిన ఇల్లే గాని, నేను పుట్టేసరికి మా ఇంట్లో నూలుపోగు కూడా మిగల్లేదు. పెళ్ళై వరంగల్‌లో ఈ వాడకు వచ్చేదాకా సాంచ అనే మాటే వినలేదు. కరెంటు మగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు. అప్పట్లో మా సందులో ఇంటికొక సాంచ. పొద్దున మొదలయ్యాయంటే గ్లాసులో నీళ్ళు కూడా వణికేవి. మొదటి నెల నాకు తలనొప్పి తప్ప మరేదీ గుర్తులేదు. అంత మోతలో మా అత్త అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, మూలింటోళ్ళది పోగు తెగింది అనేది. నమ్మకం కుదరక ఒకసారి చేయి కడుక్కుని పోయి చూసొచ్చాను. నిజంగానే తెగింది. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని వచ్చేది గూడ్సో ప్యాసింజరో చెప్పి స్టేషన్‌లో మెప్పు పొందినదాన్ని నేను. ఆ విద్యలో నన్ను మించిన మనిషి కనబడేసరికి కొంచెం అసూయ, బోలెడంత కుతూహలం కలిగాయి. ఎట్లా తెలుస్తది అత్తా అని ఎన్నిసార్లు అడిగినా, ఇంటే తెలుస్తది అనేది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు.

నా బుర్రకు అందని సంగతి ఇంకొకటి ఉండేది. అది ఎదురింటి పెరుగు. ఎదురింటి అక్క నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. మాట మెత్తన, పని చురుకు. ఏ మధ్యాహ్నమో ఉన్నట్టుండి సందులోని ఆడవాళ్ళు ఒకరి వెనుక ఒకరు గిన్నెలు పట్టుకుని తోడు కోసం ఆమె ఇంటికి పోయేవాళ్ళు. ఒకామె బయటికి రాకముందే ఇంకొకామె లోపలికి. ఆ తర్వాత వారం పది రోజులు ఎవరూ పోరు. మళ్ళీ ఒకరోజు నలుగురు. వాళ్ళందరి ఇళ్ళలో పెరుగు ఉంటుందని నాకు తెలుసు, కొందరి ఇళ్ళలో నేనే తిన్నాను. ఆ ఇంటి తోడులో ఏదో మహిమ ఉందనుకుని, ఆగలేక ఒకరోజు అక్కనే అడిగాను, ఏం పాలు పోయించుకుంటవని. బర్రెపాలే చెల్లె అని నవ్వి, కొంగును మోచేతి దాకా లాక్కుంది. అంత ఎండలో కొంగెందుకు కప్పుకుంటోందో మాత్రం అడగలేదు. ప్రతిదీ ఆరా తీసే నేను ఆ ఒక్కటి అడగకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

ఆమె భర్త నాకు వరసకు బావ. సందులో ఎదురైతే తలవంచుకుని పక్కకు తప్పుకునేవాడు. కల్లు కూడా ముట్టడు. పైగా గొప్ప పనిమంతుడని నా అభిప్రాయం. అందరి సాంచలూ నాలుగైదు నిమిషాలకోసారి ఆగి మళ్ళీ నడిచేవి; ఆయనది కొన్ని రోజులు అరగంటైనా ఆగేది కాదు. ఒకరోజు ఆ మాటే మా అత్తతో అన్నాను. చూడత్తా, బావ ఎంత కష్టపడతాడో, నీ కొడుకు మాటిమాటికీ ఆపుతాడు అని. అత్త ఆ రోజు మోకాళ్ళు పట్టేసి మంచం మీద ఉంది. ఒక్క క్షణం చెవి అటు పెట్టింది. ముఖంలో రంగు మారిపోయింది. గిన్నె పట్టుకుని ఎదురింటికి పో, తోడు అడుగు, జల్ది పో అంది.

పోయాను. గుమ్మంలో నిలబడి అక్కను పిలిచాను. రెండు మూడు కేకల తర్వాత బావ వచ్చాడు. తోడు అన్నాను. గిన్నె తీసుకుని లోపలికి పోయి, తానే ఇంత పెరుగు వేసి తెచ్చి ఇచ్చాడు. చెప్పిన పని రెండు నిమిషాల్లో చేసుకొచ్చిన కోడలినని మురిసిపోతూ తిరిగొచ్చాను. ఎవరిచ్చారని అడిగింది అత్త. బావ ఇచ్చాడన్నాను.

"తోడు దెచ్చినవు గని బిడ్డా, దాని మొకం జూసినవా?"

అప్పుడు చెప్పింది అత్త, గోడ పట్టుకుని లేస్తూ. సాంచలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చుట్టిన కండె ఉంటుంది. అది నాలుగైదు నిమిషాలకు అయిపోతుంది. సాంచ ఆపి కొత్త కండె పెట్టాలి. ఆ పాత సాంచ కండె అయిపోయినా తనంతట తాను ఆగే రకం కాదు. అంటే అరగంట ఆగకుండా నడుస్తోందంటే దాని దగ్గర మనిషి లేడు. లోపలి ఏడుపు బయటికి వినపడకుండా ఉత్తగా కొట్టుకుంటోంది. ఇక తోడు సంగతి. మా వాడలో తోడు ఇంటి ఆడమనిషి చేతితోనే ఇస్తారు. అడిగితే లేదనడం ఇంటికి మంచిది కాదంటారు. కాబట్టి తోడుకు వచ్చినామెను ఏ మగవాడూ వెళ్ళగొట్టలేడు, ఇంటామె బయటికి రాక తప్పదు. ఆమె ముఖం చూడొచ్చు, ఇంకొకరు వచ్చేదాకా కదలకుండా కూర్చోవచ్చు. ఇదంతా ఎవరూ పైకి మాట్లాడుకున్నది కాదు గనుక, కొత్తకోడలికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. నేను నిండు గిన్నెతో రావడం చూసి, అక్కే ఇచ్చి ఉంటుందనుకుని, బయల్దేరిన ఇద్దరు ఆడవాళ్ళు తమ గుమ్మాల్లోంచే వెనక్కి తిరిగారు. అత్త మోకాళ్ళు ఈడ్చుకుంటూ అక్కడికి చేరేసరికి అక్క కుడిచేతి మణికట్టు విరిగిపోయింది.

అత్తే దవాఖానకు తీసుకుపోయింది, అత్తే పోలీసు స్టేషన్‌కు కూడా తీసుకుపోయింది. బావను పిలిపించి, మళ్ళీ చెయ్యి ఎత్తనని కాగితం రాయించుకున్నారు. అక్క కట్టుతో ఉన్నన్నాళ్ళు నేను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. కూర పంపేదాన్ని గాని, నేను పట్టుకుపోయేదాన్ని కాదు. కానీ సాంచలను వినడం నేర్చుకున్నాను. కూరగాయలు తరుగుతూ, గిన్నెలు తోముతూ, ఎదురింటి సాంచ ఎప్పుడాగుతుందా అని చూడటం నాకు ఊపిరి తీసుకోవడమంత అలవాటైపోయింది.

కట్టు విప్పిన కొద్ది రోజులకు, పొద్దున పదకొండింటి వేళ, అది ఆగలేదు. అత్త బజారుకు పోయింది. ఎవరూ చెప్పకుండానే గిన్నె తీసుకుని పోయాను. ఈసారి గుమ్మంలో ఆగకుండా సాంచ ఉన్న గదిలోకే నడిచాను. బావ లోపలి గదిలోంచి వచ్చి, పెరుగు ఇంకా తోడుకోలేదు, తర్వాత రమ్మన్నాడు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. నా మాట ఆ మోతలో ఆయనకు వినపడదని తెలిసి, చేయి చాచి స్విచ్ ఆపేశాను. ఒకరి సాంచను ఇంకొకరు ముట్టుకోవడం ఈ వాడలో ఎంత పెద్ద తప్పో నాకు అప్పటికి సరిగా తెలియకపోవడం మంచిదైంది.

"తోడుకునేదాంక కూసుంట బావా" అన్నాను.

ఆ సాంచ ఆగేసరికి లోపల అక్క ఏడుపు గుమ్మం దాకా వినపడింది. ముందు మూలింటామె వచ్చింది గిన్నెతో. తర్వాత ఇంకో ఇద్దరు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నా పక్కన కూర్చున్నారు. చివరికి మా అత్త బజారు నుంచి నేరుగా కూరగాయల సంచితో వచ్చి, గిన్నె లేకపోయేసరికి దోసిలి పట్టి, జర చేతిలోనే వెయ్యి కొడకా అంది. బావ అందరినీ ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. అక్క వాచిన పెదవితో వచ్చి మా మధ్య కూర్చుంది. పెరుగు నిజంగానే తోడుకోలేదట, ఆ మాట ఆమే చెప్పింది.

అంతటితో ఆయన మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. ఆ తర్వాత కూడా కొన్నిసార్లు గిన్నెలు పట్టుకుని పోయాం. ఒకసారి అక్క తనంతట తానే స్టేషన్‌కు నడిచింది, నేను వెంట పోయాను. రెండేళ్ళకు ఆయన సాంచల పనికి మహారాష్ట్రలోని భివండి పోయాడు. ఇప్పుడు దసరాకు వచ్చి నాలుగు రోజులుండి పోతాడు. వచ్చిన రోజే సందంతా తోడు అడుగుతుంది, అదొక పండగ తంతు అయిపోయింది మాకు. అక్క సాంచ అమ్మేసి చీరలకు ఫాల్స్ కుడుతోంది. మా అత్త లేదు. సందులో ఇప్పుడు రెండు సాంచలే మిగిలాయి.

ఇన్నేళ్ళలో అక్కతో చెప్పనిది లేదు, ఆ మొదటి రోజు సంగతి ఒక్కటి తప్ప. ఆమెకు తెలుసనుకున్నాను. తెలిసీ పెద్దమనసుతో ఊరుకుందనుకున్నాను. యూనివర్సిటీ అమ్మాయి పోయిన సాయంత్రం ఎందుకో ఉండబట్టలేక వెళ్ళి చెప్పేశాను. నేను వచ్చాను అక్కా, పెరుగు తీసుకుని వెనక్కి పోయాను, నీ ముఖం చూడకుండా పోయాను అని. అక్క సూది ఆపింది. ఆమెకు తెలియదట. సాంచ మోతలో నా కేకలేవీ వినపడలేదట. చేయి విరిగిన తర్వాతే మా అత్త వచ్చిందని, అంతకు ముందు ఆ రోజు తన కోసం ఎవరూ గడప తొక్కలేదని ఇన్నాళ్ళూ అనుకుంటూ ఉందట. తిడుతుందని తల వంచుకుని కూర్చున్నాను.

"అయితే ఆనాడు గూడ ఒకలు వచ్చిండ్రన్నట్టు" అంది మెల్లగా, నా చేయి పట్టుకుని.

ఆ మాట ఆమెకు అందడానికి పద్నాలుగేళ్ళు పట్టింది, నేను ఎదురింట్లోనే ఉండి.