ఎత్తిన చేతులు

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన అబ్రహాంకి చేతులెత్తే సంగతి తెలియనిది కాదు. మెట్టుగూడలో వాళ్ల చర్చిలో అయ్యగారు ఏది అడిగినా అడిగే తీరు ఒక్కటే. "ఎంతమంది సిద్ధంగా ఉన్నారు? చేతులెత్తండి." చేతులు లేస్తాయి. ఉపవాస ప్రార్థనకు, ఆసుపత్రిలో రోగుల పరామర్శకు, సమాధుల తోట శుభ్రం చెయ్యడానికి, అన్నిటికీ లేస్తాయి. సోమవారం వచ్చేసరికి ఎవరి పనులు వాళ్లవి. దీన్ని మోసమని ఎవరూ అనుకోరు. అయ్యగారు అడిగినప్పుడు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మర్యాద కాదు, అంతే. సమాధుల తోటకి అబ్రహాం కూడా మూడుసార్లు చెయ్యెత్తాడు. ఒక్కసారీ పోలేదు.

అయినా ఆ ఫిబ్రవరి ఆదివారం ఆయన వెనక్కి తిరిగి చేతుల్ని లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ఆరు.

ఆ లెక్కకు కారణం చర్చి వెనక స్టోర్ రూములో ఉంది. వయసులో ఉండగా అబ్రహాం రైల్వే ఇన్‌స్టిట్యూట్ బ్యాండులో కాంగాలు వాయించేవాడు. నడుమెత్తు ఉండే రెండు పొడుగాటి డ్రమ్ములవి, కర్రల్లేకుండా ఉత్త అరచేతులతో వాయించేవి. బ్యాండు మూతపడ్డాక వాటిని చర్చికిచ్చి, పదకొండేళ్లు ఆరాధనలో వాయించాడు. తర్వాత కార్యదర్శి అయిన పాల్ ఎలక్ట్రానిక్ ప్యాడ్ కొనిపించాడు. కాంగాలు డ్యాన్సు క్లబ్బుల సరుకని కమిటీలో అన్నాడు. ఆరేళ్లుగా అవి క్రిస్మస్ నక్షత్రం వెదురు బద్దల కింద పడున్నాయి. ఈమధ్య స్టోర్ రూము ఖాళీ చెయ్యాలన్న మాట కూడా పుట్టింది.

అట్లాంటి సమయంలో వాళ్ల ఇంటి పైఅంతస్తులో ఉండే అనుపమ కబురు చెప్పింది. కచేరీలు ఏర్పాటు చేసే ఆఫీసులో ఆమె ఉద్యోగం. క్యూబా నుంచి కాంగాలు వాయించే లాటిన్ జాజ్ బృందం వస్తోందనీ, సంఘాలకు కొన్ని సీట్లు ఊరికే ఇస్తున్నారనీ, కావాలంటే తన పేరు మీద రెండు వరసలు తీసి పెడతాననీ చెప్పింది. సీట్లు ఖాళీగా మాత్రం ఉండకూడదంది. అబ్రహాంకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంత పెద్ద హాల్లో, మర్యాదస్తుల మధ్య కూర్చుని పాల్ ఒక్కసారి కాంగా వింటే చాలు. క్లబ్బు సరుకన్న మాట మళ్లీ నోట రాదు. అందుకే అయ్యగారి చేత చెప్పించాడు. ఆ ఆదివారం కచేరీకి ఎవరొస్తారని అయ్యగారు అడిగారు. ముందు వరసలో పాల్ చెయ్యే అందరికంటే ఎత్తున లేచింది.

మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగాడు. స్కూలు బస్సు మాట్లాడాడు. స్త్రీల సమాజం ప్రిసిల్లా గుమ్మంలోనే ఆపి అడిగింది.

"అన్నా, పాటలు ప్రభువువేనా?"

"పాటలు తక్కువమ్మా. వాయించుడే ఎక్కువ."

"మాటల్లేకుంటే ఏం సమజైతది మరి?"

"సమజ్ కాకున్నా మంచిదే. జెర ఇను, చాలు."

శనివారం సాయంత్రం నాలుగున్నరకి చర్చి ముందు బస్సు ఆగింది. అబ్రహాంనీ ఆయన భార్య మేబెల్‌నీ కలుపుకుని ఎక్కింది తొమ్మిది మంది. ఐదింటికి పాల్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. అబ్రహాంకి ప్రాణం లేచొచ్చింది. తక్కినవాళ్లు రాకపోతే పోనీ అనుకున్నాడు.

ప్రయాణానికి ముందు ప్రార్థన రివాజు. పాల్ డ్రైవరు పక్కన నిలబడి చక్రాల కోసం, మలుపుల కోసం, డ్రైవరు కళ్ల కోసం, దూరదేశం నుంచి వచ్చిన వాద్యగాళ్ల ఆత్మల కోసం పావుగంట ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. పాల్ బస్సు దిగాడు.

"ఏంది పాల్, రావా?"

"నేనా? ప్రార్థన చేసి సాగనంపుదామని వచ్చిన అన్నా."

"చెయ్యెత్తినవ్ గద."

పాల్ నిజంగానే అయోమయంగా చూశాడు. "అయ్యగారు అడిగిండ్రు, ఎత్తిన. నువ్వు సుత ఎత్తుతవ్ గద?"

అబ్రహాం తలుపు మూసుకున్నాడు.

రెజిమెంటల్ బజార్ దగ్గర ప్రిసిల్లా బస్సు ఆపించింది. సమాజం వార్షికోత్సవానికి ఒకే రంగు చీరలు చూడాలట. బస్సు ఎట్లాగూ ఇటే పోతోంది కదా అని వచ్చారట. వచ్చేటప్పుడు ఎక్కించుకొమ్మని సమాజం ఆడవాళ్లు ఐదుగురూ దిగిపోయారు.

హాల్లో రెండు వరసలకు నలుగురు. అనుపమ వాళ్లని చూసింది, వాళ్ల వెనక తలుపు వంక చూసింది. గంట కొట్టాక వెనక నిలబడ్డవాళ్లని తెచ్చి ఆ సీట్లలో కూర్చోబెట్టింది.

కాంగా వాయించే మనిషిది ఇంచుమించు అబ్రహాం వయసే. బట్టతల. కుడి అరచెయ్యి అంచుమీద చరుస్తుంటే, ఎడమచెయ్యి ఒకసారి మణికట్టు, ఒకసారి వేళ్లు, ఊయల ఊగినట్టు కదులుతోంది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో అబ్రహాం నేర్చిందీ అదే. తెలియకుండానే మోకాలి మీద ఆయన వేళ్లు పడసాగాయి. బిగుసుకుపోయిన వేళ్లు. రెండు దెబ్బలు తప్పి, మూడోది కలిసింది. మేబెల్ తన చెయ్యి తెచ్చి ఆ చేతిమీద పెట్టింది.

"ఊకోండి. పక్కోళ్లు చూస్తున్నరు."

తిరుగు ప్రయాణంలో బస్సు నిండా చీరల మాటలు. ఎట్లా ఉందని ఎవరూ అడగలేదు. ఏసీ ఉండెనా అని ప్రిసిల్లా అడిగింది.

మర్నాడు ఆరాధన చివర అయ్యగారు అబ్రహాం పేరెత్తి మెచ్చుకున్నారు. నిన్నటి విహారంలో సంతోషించినవాళ్లని చేతులెత్తమన్నారు. చర్చంతా ఎత్తింది, పాల్‌తో సహా. ఆ వెంటనే కమిటీ తీర్మానం చదివారు. ఈస్టర్‌లోపు స్టోర్ రూము ఖాళీ చేసి, పనికిరాని సామాను తీసెయ్యాలి. సమ్మతించేవాళ్లు చేతులెత్తండి. చేతులు లేచాయి. ఆడవాళ్ల వైపు మూడో వరసలో మేబెల్ చెయ్యి కూడా.

ఇంటికి నడుస్తూ అబ్రహాం అడిగాడు. "నువ్వు సుత ఎత్తినవా?"

"మీ చెయ్యి చూసే ఎత్తిన," అంది మేబెల్.

ఎత్తిన మాట నిజమే. చెయ్యి సగం లేచాక గాని ఏం అడిగారో చెవికెక్కలేదు. సగం లేచిన చేతిని అంతమంది ముందు దించడం ఆయన వల్ల కాలేదు.

సోమవారం పొద్దున్నే చర్చి గేటు ముందు పాత సామాన్ల బండి ఆగింది. చేతులెత్తినవాళ్లలో ఆరుగురు వచ్చి కాంగాలతో సహా సామాను మోశారు.