అతికించిన రెండు బోల్టు తలలు

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి గోదాములోని దూలాన్ని ఇన్నేళ్లుగా నేనే మోస్తున్నాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పని రాక చేసిన తప్పు కాదది. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఎనభైల మొదట్లో, పగుళ్లు పట్టిన కాంక్రీటు దూలాన్ని పడగొట్టనక్కర్లేదనీ, అడుగున గాజునార గుడ్డను రెజిన్ అనే జిగురుతో అతికించి బలపరచవచ్చనీ మా ఊళ్లో చెప్పిన ఇంజనీరును నేనొక్కణ్ణే. గుడ్డతో దూలాన్ని నిలబెడతాడట అని బజారంతా నవ్వారు. జిగురు ఒక్కటే చాలదని నాకు బాగా తెలుసు. బరువు పడితే గుడ్డ కొసల దగ్గర లేచి ఊడిపోతుంది. అందుకే ఆ గోదాము దూలం పని నాకు దొరికినప్పుడు, గుడ్డ రెండు కొసల మీదా ఇనుప పట్టీ పరచి, ఒక్కోదానికి నాలుగు బోల్టులు దూలంలోకి దించాలని గీసిచ్చాను. ఆ లెక్క ఇప్పటికీ సరైనదే.

ఎనిమిదిలో ఆరు దిగాయి. తలుపు వైపు పట్టీలో చివరి రెండింటి దగ్గర డ్రిల్లు ఆగింది. మేస్త్రీ కొమురయ్య నిచ్చెన మీది నుంచే అన్నాడు.

"సారూ, లోపల రాడ్ తాకుతాంది. పట్టీ ఇప్పి జర పక్కకు బిగిద్దాం."

రెజిన్ అప్పటికే గట్టిపడింది. పట్టీ విప్పితే గుడ్డ చిరుగుతుంది, పనంతా మొదటికొస్తుంది. మర్నాడే గోదాము యజమాని, నన్ను చూసి నవ్విన వ్యాపారులనే వెంటబెట్టుకుని వస్తున్నాడు.

"బోల్టుల తలకాయలు కోసి అతికియ్యి," అన్నాను.

"కింద మా అన్న బస్తాలు మోస్తడు సారూ."

"ఫికర్ చెయ్యకు. నేనున్న గద."

అతికించాడు. మర్నాడు యజమాని ఎనిమిది తలలూ లెక్కపెట్టి నా వీపు తట్టాడు. నాకు సంతోషమే కలిగింది, దాచను. ఆ తర్వాత కొమురయ్య ఆ గోదాములోకి ఎప్పుడొచ్చినా గోడ వెంటే నడిచేవాడు. వాళ్లన్న మాత్రం వీపున బస్తాతో దూలం కిందినుంచే వెళ్లేవాడు. అన్నకు చెప్పలేదన్నమాట. నా మీద నమ్మకంతోనా, నా భయంతోనా? అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

దూలం పడలేదు. ఆరు చాలునని ఎన్ని కాగితాల మీద లెక్క వేసుకున్నానో. చాలితే ఎనిమిది ఎందుకు గీశాను? ఆ రోజు నేను కాపాడుకున్నది దూలాన్నా, నా పేరునా? పేరునే. ఒక మనిషి అన్నను దాని కింద నడిపించి మరీ కాపాడుకున్నాను.

గోదాము ఇంకా ఉంది. బస్తాలు ఇంకా దిగుతున్నాయి. తలుపులోంచి లోపలికి వెళ్తూ పైకి చూడండి. మొదటి పట్టీ, ఎడమచేతి వైపు చివరి రెండు. సుత్తితో ఒక్కటి కొడితే ఊడి చేతిలో పడతాయి.