కరుణమ్మ మానుకున్న బిళ్ళ

పెద్దముడియం దగ్గరి ఓ పల్లె బడిలో కరుణమ్మ మధ్యాహ్న భోజనం వండుతుంది. మోకాళ్ల వాపుకు పులివెందులలో ఒక డాక్టరు నెల రోజులకని రాసిన చిన్న తెల్ల బిళ్ళను ఆమె ఏళ్ల తరబడి మింగుతూనే ఉంది. చీటీ ఎప్పుడో పోయింది. జమ్మలమడుగు మందులంగట్లో ఖాళీ అట్ట చూపిస్తే చాలు, ఇస్తారు. అది స్టెరాయిడ్ అని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. మొహం గుండ్రంగా ఉబ్బితే, "బడి బియ్యమంతా నీ బుగ్గల్లోనే ఉండాయి మే" అని చర్చి ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

ఈస్టర్ పండగకు ముందొచ్చే నలభై శ్రమల దినాల్లో వాళ్ల చర్చి సంఘంలో ప్రతి ఒక్కరూ దేవుని కోసం ఏదో ఒకటి మానుకుంటారు. ఏం మానుకున్నదీ పైకి చెప్పకూడదు. ఏది లేకుంటే తనకు గడవదో ఆలోచించి, కరుణమ్మ ఈసారి బిళ్ళ మానేసింది.

వారం తిరక్కముందే నీరసం, ఆపైన వాంతులు. పొయ్యి దగ్గర కూలబడితే భర్త ఆనందయ్య ఆటోలో ప్రొద్దుటూరు తీసుకొచ్చాడు.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతున్నా బీపీ లేవలేదు. రక్తంలో సోడియం బాగా పడిపోయింది, చక్కెరా తగ్గింది. డాక్టర్ ఫర్జానా ఆమె ఉబ్బిన మొహాన్నీ, చేతుల మీద కమిలిన మచ్చల్నీ చూసింది.

"ఏం మందులు వాడుతాండావమ్మా?"

"ఏం లేవు."

"మోకాళ్లకు రోజూ తెల్లబిళ్ళ మింగుతాది మేడమ్," అన్నాడు ఆనందయ్య.

"నిలిపేసినావా?"

కరుణమ్మ కళ్లు మూసుకుంది. ఫర్జానా సిస్టర్‌తో స్టెరాయిడ్ ఇంజెక్షన్ తెమ్మంది.

"కిడ్నీల మీద చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్ అవే చేస్తాయి. ఇన్నేండ్లు బయట్నుంచి వస్తాంటే అవి పని మరిచినాయి. ఇప్పుడు బిళ్ళ లేదు, అవీ లేవలేదు. ఈ సూది పడకపోతే ప్రాణానికే ముప్పు."

"ఆ బిళ్ళ మందేనా ఇది?"

"ఆ జాతిదే."

కరుణమ్మ సిస్టర్ చేతిని పట్టుకుంది. "వద్దు. పండగ దాకా మాటిచ్చినా."

పట్టులో బలం లేదు, కానీ వదల్లేదు. మానిటర్‌లో బీపీ అంకె ఇంకా దిగింది. ఆనందయ్య మంచం మీదికి వంగాడు.

"నువ్వేం మాటిచ్చినావు? బిళ్ళ మింగననే కదా. సూది ఏసుకోనన్యావా?"

"అదీ ఇదీ ఒకటే."

"యాడ ఒకటి? నేను టీ మానుకున్నా. కాఫీ తాగుతాండా. దేవుడేమన్లేదు."

"అందుకేనా టీ అంగడి కాడే కూచుంటాండావు? సిగ్గులేదప్పా నీకు."

"లేదు మే. నువ్వు చెయ్యి వదులు."

ఆమె వేళ్లు సడలాయి. సిస్టర్ మందు ఎక్కించింది.

సాయంత్రానికి బీపీ నిలబడింది. బిళ్ళను నెలల మీద, మెల్లగా తగ్గించాలనీ, దాని వల్ల ఎముకల్లో కాల్షియం కూడా పోయుంటుందనీ ఫర్జానా చెప్పింది. "ఇంకోసారి నీ అంతట నువ్వు ఆపితే ఈడిదాకా రాలేవు."

మర్నాడు పొద్దున సిస్టర్ బిళ్ళ తెచ్చి అరచేతిలో పెట్టింది. కరుణమ్మ ఆనందయ్య వైపు చూసింది. ఆమె మాటిచ్చింది బిళ్ళ మీదే; సూదికి దొరికిన సందు ఈసారి అతనికి దొరకలేదు. నీళ్ల గ్లాసు అందించాడు.

ఆమె మింగింది. గోడవైపు తిరిగి పడుకుంది.