హుబారా పిట్టలూ నా సెలవూ

మొన్న మా ఎదురు ఫ్లాటు మేనేజరుగారు, అంటే బ్యాంకులో చేసి రిటైరయినాయన, భార్యతో కలిసి ఆఫ్రికా వెళ్ళొచ్చి, అక్కడి ఫొటోలన్నీ టీవీలో చూపిస్తాం రమ్మని మా అంతస్తు వాళ్ళందర్నీ పిలిచారు. కాఫీ ఇచ్చారు, జంతికలు పెట్టారు, మర్యాదకేం లోటు చేయలేదు. ఎద్దు తలా గుర్రం తోకా మేక గడ్డమూ కలిపి కుట్టినట్టున్న జంతువులు వేలకు వేలు ఏటికి అడ్డంపడి ఈదుతుంటే, ఒడ్డున జీపుల్లో జనం, ఏ జంతువుని మొసలి పట్టుకుంటుందా అని కెమెరాలు పట్టుకుని నోళ్ళు తెరుచుకు కూర్చున్నారు. పచ్చిక కోసం అవి ఏటా అలా వలస పోతాయట, అది చూడ్డానికి వీళ్ళు లక్షలు పోసి వెళ్ళారట. ఆ తర్వాత వాళ్ళు దిగిన గుడారం చూపించారు. లోపల పట్టెమంచం, తెల్లటి దుప్పటి, దోమతెర, గుమ్మంలో టీ బల్ల. మనిషన్నవాడు జీవితంలో ఒక్కసారైనా గుడారంలో ఉండి చూడాలండీ అని ఆవిడ మురిసిపోయింది. కొరికిన జంతిక కొరికినట్టే ప్లేటులో పెట్టి, తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికొచ్చేశాను.

పూర్తిగా అబద్ధమేం కాదు. ఎండకి కాగిన గుడారం గుడ్డ వాసన నాకు ఇప్పటికీ పడదు. పెళ్ళిళ్ళలో షామియానా కింద కూర్చోమన్నా, ఏదో వంక పెట్టి బయట గాలికి నిలబడతాను. ఎందుకో అడిగితే చెప్పను. నా ఈడు వాళ్ళకైతే చెప్పొచ్చు, ఆ రోజుల్లో ఆడవాళ్ళం సముద్రం దాటి వెళ్ళడమంటే ఏమిటో మీకు తెలుసు కనక.

ఎనభైల్లో మాట. మా వైపు ఏ దేశం వెళ్ళినా దుబాయ్ వెళ్ళిందనే అనేవారు. నేను వెళ్ళింది అబుదాబి, ఊరికి కాస్త ఎడంగా బనియాస్ అనే చోట ఒక అరబ్బుల ఇల్లు. ఎందుకెళ్ళావని అడక్కండి, అందరూ ఎందుకెళ్ళారో నేనూ అందుకే వెళ్ళాను. ఇంటాయన్ని బాబా అనాలి, ఆయన భార్యని మామా అనాలి. ఆయన తల్లి ఒకావిడ, ఆపైన పిల్లల మంద. వాళ్ళందరికీ వండి, ఉతికి, కడిగి, నడుం వాల్చేసరికి నా ప్రాణం నాది కాదు. నేను బయల్దేరేనాటికి నా కూతురికి ఇంకా పాలు మాన్పలేదు. కొల్లేటి లంకలో మా అక్క చేతిలో పెట్టి వచ్చేశాను. పిల్ల మాటలు నేర్చిందన్న సంగతీ, పరుగులు పెడుతోందన్న సంగతీ ఒకరు చెబితే వినడమే.

చలికాలం రాగానే నిన్ను ఇంటికి పంపిస్తానని మామా మాటిచ్చింది. నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉండేది. ఆ పంపించడం వాళ్ళ చేతుల్లోనే ఉంది కాబట్టి, తిట్టినా సరే, పిల్లాడు మొహం మీద గిన్నె విసిరినా సరే, నవ్వుతూ తిరిగేదాన్ని. ఈలోగా పక్క వీధిలో పనిచేసే మా ఊరావిడ సెలవు మీద వెళ్ళొచ్చి, మంచి చెబుతున్నాననుకుందో ఏమో, గుండెలో గునపం దింపింది. "నీ కూతురు మీ అక్కనే అమ్మా అంటందే. నీ ఫొటో చూపిత్తే ఎవరో అనుకుని ఎనక్కెళ్ళి దాక్కుంది" అంది. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. ఇంకో ఏడాది ఆగితే ఆ పిల్ల ఇక నాది కాకుండా పోతుందని భయం పట్టుకుంది.

చలికాలం వచ్చింది. పిల్లకి కొన్న గౌన్లు పెట్టెలో సర్దుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే హుబారాలు దిగాయని ఎవరో బాబాకి కబురు తెచ్చారు. హుబారా అంటే కోడికంటే పెద్దదిగా, ఇసుక రంగులో ఉండే పిట్ట. మన కర్నూలు వైపు బట్టమేక పిట్ట అంటారే, దానికి చిన్న చెల్లెలనుకోండి. ఎక్కడో ఉత్తరాన మంచు పడితే బతకలేక, ఆ దూరమంతా ఎగిరి ఈ ఎడారిలో చలికాలం గడపడానికి వస్తాయి. వాటిని డేగలతో పట్టించడం అక్కడి పెద్దవాళ్ళ సరదా. ఇంకేముంది, గుడారాలు లారీకెక్కాయి, జనరేటర్ ఎక్కింది, మేకలెక్కాయి, నేనూ ఎక్కాను. మామా నా గడ్డం పట్టుకుని మరీ చెప్పింది, పిట్టలు ఆగిపోగానే గుడారాలు ఎత్తేస్తాం, ఎత్తేసిన వెంటనే నీ టికెట్ అని. అంటే చూశారా, పిట్టలు వస్తున్నన్నాళ్ళూ నాకు సెలవు లేదు.

ఆ ఇసుకలో నేను పడ్డ అసహ్యం ఏం చెప్పను! బాబా గుడారంలో తివాచీలు, దిండ్లు, అత్తరు పొగ. వంట గుడారంలో డీజిలు కంపు, మేక కొవ్వు కంపు, తడి బొగ్గు కంపు, వాటన్నిటి మీదా ఎండకి ఉడికే గుడ్డ కంపు. గాలి లేస్తే అన్నంలో ఇసుక, నోట్లో ఇసుక, కంట్లో ఇసుక. మగవాళ్ళకి ఏ దిబ్బ చాటైనా సరిపోతుంది, మా ఆడవాళ్ళ పాట్లు ఎవడికి కావాలి? రోజూ ఎవరో ఒకరు చుట్టాలు కార్లేసుకుని దిగేవారు. వాళ్ళకి పెద్ద పళ్ళేల్లో అన్నం పోసి, దాని మీద మేకని మేకలాగే పడుకోబెట్టి పంపిస్తే, నాలుగు వేళ్ళతో కెలికి లేచిపోయేవారు. మిగిలినదంతా గుడారాల వెనక గోతిలో పారబోసేది నేనే. గింజ కింద పడితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని, గంపలకి గంపలు అన్నం గోతిలో పోశాను. ఈగలు ముసిరి ఆ గోయి నల్లగా కనిపించేది. ఛీ, తలుచుకుంటే ఇప్పుడూ వాంతొస్తుంది.

అదొక ఎత్తు, పిట్టలొక ఎత్తు. పొద్దు వాలకముందే గోతాల్లో తెచ్చి నా ముందు కుమ్మరించేవారు. వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకాలి. ఆ తడి ఈకల వాసన గోళ్ళలోకి ఎక్కి, ఎంత సబ్బు రాసినా పోదు, ఆ చేత్తో ముద్ద నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. డేగ తన మీదికి దూకినప్పుడు ఆ పిట్ట ప్రాణభయంతో జిగురు జిగురుగా రెట్ట కొడుతుంది, అది అంటుకుంటే డేగ రెక్కలు విప్పలేదు. డేగలు చూసే ముసలి బలూచీ ఒకడు, పాకిస్తాన్ వైపువాడు, ఆ బంకంతా కడగడానికి నన్ను నీళ్ళు కాచి ఇమ్మనేవాడు. కొడుక్కి తలంటినట్టు ఎంతో ముద్దుగా కడిగేవాడు. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చెంబు అందించేదాన్ని. పోనీ అన్నీ తిన్నారా అంటే అదీ లేదు. రెండు వండితే పది కుళ్ళేవి, కుళ్ళినవి గోతిలోకే. తినడానికి చంపితే ఆకలి అనుకోవచ్చు, ఇదేం రోగమో నాకు అర్థమయ్యేది కాదు.

మాది కొల్లేరు అని చెప్పాను కదా. మా లంకల్లో చెట్ల మీదికి ఏటా గూడబాతులు వచ్చేవి. పురిటికొచ్చిన ఆడపడుచులే అవి అనేది మా అమ్మ. వాటి మీద రాయి వేసినవాడికి ఆ పూట ఇంట్లో అన్నం పెట్టేవారు కాదు. రావడం నాలుగు రోజులు ఆలస్యమైతే ఊరిమీదికి ఏం రానుందోనని ముసలమ్మలు బెంగపెట్టుకునేవారు. అలాంటి తల్లికి పుట్టి, ఆ ఎడారిలో నేను పొద్దున్నే లేచి చేసే పనేమిటో తెలుసా? ఈ పాడు పిట్టలు ఇవాళైనా రాకుండా పోవాలి, ఒక్కటీ దొరక్కూడదు అని దణ్ణం పెట్టుకోవడం. సాయంత్రం గోతాం చూడగానే వాటినే తిట్టేదాన్ని, మీకు ఇంకే దేశమూ దొరకలేదుటే అని. మామాని అడిగితే బుక్రా అనేది, అంటే రేపు. మర్నాడు అడిగినా బుక్రానే.

జీపు నడిపే కుర్రాడు నిజామాబాద్ వైపు పల్లెటూరివాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. పొద్దున్నే అతనూ ఆ ముసలి బలూచీ ముందు వెళ్ళి, ఇసుకలో పిట్టల అడుగుల జాడ ఎక్కడుందో చూసి వస్తే, అప్పుడు బాబా డేగతో బయల్దేరేవాడు. ఒకరోజు ఆ అబ్బాయి జీపు వెనక రక్తం, ఈకలు కడుక్కుంటూ తనలో తనే తిట్టుకుంటున్నాడు. నేను టీ పట్టుకెళ్ళి, సిగ్గు విడిచి అడిగేశాను. జాడ లేదని చెప్పకూడదా తమ్ముడూ, నా పిల్ల నన్ను మరిచిపోతోంది అన్నాను. అతను అటూ ఇటూ చూసి, "అట్లనకక్కా, దొరికితె నా కొలువు ఖలాస్. అబద్ధం జెప్తె ముసలోడే నా గల్లా పడ్తడు" అన్నాడు. నిజమే కదా, ఎవరి పొట్ట వాళ్ళది. గ్లాసు తీసుకుని వచ్చేశాను. ఆ సాయంత్రం ఈకలు పీకుతూ ఏడ్చాను, అంతే.

మర్నాడు గోతాం ఖాళీగా వచ్చింది. ఆ మర్నాడూ అంతే. నా దణ్ణాలు ఫలించాయనే అనుకున్నాను. నీళ్ళ డబ్బాలు దింపుతూ ఆ అబ్బాయే నా చెవిన వేశాడు. "జాడ చూసేది ముసలోడు, గని బండి తిప్పేది నేను గదక్కా. అవి పొదలున్న కాడ మేస్తయి. నేను రాళ్ళ నేల మీదికి తోల్తున్న. ఊకో, ఎవ్వలకు చెప్పకు."

ఆనందపడాల్సింది పోయి నాకు భయమేసింది. ఆ ముసలాడు ఆ ఇసుకలోనే పుట్టినవాడిలా తిరుగుతాడు, ఎక్కడ ఏముంటుందో తెలియదా? అతను ఒక్కమాట బాబా చెవిన వేస్తే, ఆ కుర్రాడి బతుకూ నా సెలవూ రెండూ అదే గోతిలో పడతాయి. మూడోనాడు పొద్దున వాళ్ళు తిరిగొచ్చేసరికి బాబా గుడారం బయటే నిలబడి ఉన్నాడు. కాళ్ళు నేలకేసి కొడుతూ, జాడలేమయ్యాయని ముసలాణ్ణి కేకలేశాడు. నేను చాయ్ పళ్ళెం పట్టుకుని అక్కడే ఉన్నాను. ముసలాడు తీరిగ్గా జీపు దిగి, డ్రైవరు మొహం ఒకసారి చూసి, నా మొహం ఒకసారి చూసి, డేగ తల నిమురుతూ "మాఫీ, బాబా. ఖలాస్" అన్నాడు. లేవు, అయిపోయాయి అని. ఎందుకలా అన్నాడో ఇవాళ్టికీ నాకు తెలియదు. నా మీద జాలో, రెక్కలు అతుక్కుపోయే డేగ మీద జాలో, తనకూ రోత పుట్టిందో. చాయ్ ఇస్తే తీసుకుని, ఏమీ ఎరగనట్టు తాగాడు.

ఆ మధ్యాహ్నమే యల్లా యల్లా, పదండి పదండి అంటూ గుడారాలు పీకించారు. మామా మాట తప్పలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. బొంబాయి దాకా విమానం, అక్కణ్ణుంచి రైలు, బస్సు, ఆఖర్న పడవ. పడవ లంకకి చేరేసరికి చెట్ల మీద గూడబాతులు తెల్లగా కూర్చుని ఉన్నాయి, వాటి కేసి తలెత్తి చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు. మా అక్క పిల్లని ముందుకు తోసి, అదిగోనే మీ అమ్మ, వెళ్ళు అంది. పిల్ల వెళ్ళలేదు. అక్క చీర పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. గౌను తొడగబోతే తొడిగించుకుంది గానీ, ఎత్తుకోబోతే ఒళ్ళంతా కర్రలా బిగించేసింది. కొన్నాళ్ళు అలాగే గడిచాయి. ఒకరోజు నేను అన్నం కలుపుతుంటే తనంతట తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది, ముద్ద చేసి నోటికి అందించాను. తినేసి, నోరు తుడుచుకుని, నాతో మొట్టమొదటి మాట మాట్లాడింది.

"నువ్వెప్పుడెల్తావు?"

మళ్ళీ ఎండలు ముదరకముందే వెళ్ళాను. వెళ్ళకపోతే ఇల్లు గడవదు మరి. తర్వాత చలికాలం నుంచి బాబా వేటకి పాకిస్తాన్ వెళ్ళడం మొదలెట్టాడు, అబుదాబి వైపు పిట్టలు రావడం తగ్గిపోయిందట. నేను మళ్ళీ గుడారం మొహం చూడలేదు, అదొక్కటే మేలు. ఆ నిజామాబాద్ తమ్ముడు ఇంకో కంపెనీకి మారి ఎటో వెళ్ళిపోయాడు. మా కొల్లేరు సంగతి చెప్పనే అక్కర్లేదు, అటు చూసినా చేపల చెరువులే, ఇటు చూసినా చేపల చెరువులే. మా లంకలో ఆ చెట్లు లేవు, ఆలస్యమైందని బెంగపెట్టుకునే ముసలమ్మలూ లేరు.

ఇప్పుడు మా వైపు నుంచి వెళ్ళే ఆడపిల్లలు రోజూ ఫోనులో పిల్లల మొహాలు చూసుకుంటున్నారు. అన్నం తిన్నావా, జడ ఎవరు వేశారు అని అక్కణ్ణుంచే గదమాయిస్తున్నారు కూడా. చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త కుళ్ళూ వేస్తుంది, ఎందుకు దాచాలి? నా కూతురికి ఇప్పుడు పెళ్ళీడు పిల్లలున్నారు. నన్ను బాగానే చూస్తుంది, వెళ్తే కాలు కింద పెట్టనివ్వదు. లోకంలో ఎవరింటికి వెళ్ళినా, గుమ్మంలో చూడగానే ఎప్పుడొచ్చారు అని అడుగుతారు కదా. నా కూతురు మాత్రం చేతిలో సంచీ అందుకుంటూ, ఇవాళ్టికీ, ఎప్పుడు వెళ్తావమ్మా అని అడుగుతుంది.